గాలిబ్‌ను కాచిన వీధి

పాత ఢిల్లీలో చాందినీ చౌక్ నుంచి బల్లీమారాన్‌లోకి మళ్లితే గల్లీ ఖాసిం జాన్ వస్తుంది. మీర్జా గాలిబ్ 1869 ఫిబ్రవరి 15న కన్నుమూసింది ఈ గల్లీలోనే. 1797లో ఆగ్రాలో పుట్టి, పదమూడేళ్లకు పెళ్లయ్యాక ఢిల్లీ చేరిన ఆయనకు చివరిదాకా సొంత ఇల్లు లేదు. ఏడుగురు బిడ్డలు పుట్టినా ఒక్కరూ దక్కలేదు.

1857 సెప్టెంబర్‌లో బ్రిటిష్ సైన్యం ఢిల్లీని తిరిగి పట్టుకుంది. ఇళ్లు దోచారు, జనాన్ని ఊరి బయటికి తరిమారు, ఎందరినో ఉరితీశారు. గాలిబ్ అప్పుడూ బల్లీమారాన్‌లోనే ఉన్నారు. పటియాలా మహారాజు కొలువులోని హకీముల ఇళ్లు ఆ వీధిలో ఉండేవి. బ్రిటిష్ పక్షాన నిలిచిన మహారాజు వారి కోసం అక్కడ కాపలా పెట్టించారు. ఆ కాపలాయే పొరుగున ఉన్న కవినీ బతికించింది.

మతి చలించిన తమ్ముడు యూసుఫ్ మాత్రం వేరే ఇంట్లో ఉండేవాడు. అక్టోబర్‌లో అతను చనిపోతే కఫన్ బట్ట కొనే దారి లేదు, శ్మశానానికి మోసుకెళ్లే వీలూ లేదు. ఇంట్లో ఉన్న దుప్పట్లు చుట్టి దగ్గర్లోని మసీదులో ఖననం చేశారు.

ఆదరించిన బహదూర్ షా జఫర్‌ను రంగూన్‌కు పంపేశారు. పెన్షన్ ఆగిపోయింది. దానికోసం పారసీలో రాసిన ‘దస్తంబూ’లో గాలిబ్ గెలిచినవారిని పొగిడారు. మిత్రులకు రాసిన ఉర్దూ లేఖల్లో మాత్రం పోయినవారిని, పాడుబడిన ఢిల్లీని తలచుకుని కుమిలిపోయారు. 1860లో పెన్షన్ తిరిగి వచ్చింది. ఆ మనుషులు రాలేదు.

దాశరథి ‘గాలిబ్ గీతాలు’తో ఆయన కవిత్వం తెలుగువారికి దగ్గరైంది. ఆ నగరం ఏమైందో తెలియాలంటే లేఖలూ చదవాలి.