విలియం కేరీ: పరదేశమున తొలి యేండ్లు

తెలుగుభాషకు ఆంగ్లమున ఒక వ్యాకరణము వ్రాసి 1814వ సంవత్సరమున శ్రీరామపురమున అచ్చొత్తించిన విలియం కేరీ తెలుగుదేశమున కాపురముండినవాడు కాడు. కాంప్‌బెల్ దొర వ్యాకరణము 1816లోను, బ్రౌను దొర వ్యాకరణము 1840లోను వెలువడినవి. వారికి ముందే, గోదావరికిని కృష్ణకును ఎంతో దూరమున, హుగ్లీ నదీతీరమున కూర్చుండి యీ ఆంగ్లేయుడు మన విభక్తులను, క్రియారూపములను కూర్చి గ్రంథముగా చేసెను. ఆయన పండితుడుగా పేరొందిన తరువాతి కథ చాలమంది యెరుగుదురు. ఈ దేశమున అడుగుపెట్టిన తొలి ఆరేడేండ్లు ఆయన యెట్లు జీవించెనో యెరిగినవారు తక్కువ. కావున నీ వ్యాసమున ఆ భాగమునే కొంత విపులముగా చెప్పదలచితిని.

కేరీ 1761 ఆగష్టు 17వ తేదీని ఇంగ్లండులోని నార్తాంప్టన్ మండలమున పాలర్స్‌పరీ అను పల్లెలో జన్మించెను. తండ్రి మగ్గము నేయువాడు. తరువాత ఆ యూరి బడిపంతులయ్యెను. కుమారుడు చెప్పులు కుట్టు పని నేర్చుకొనెను. తోలు కోయుచు, ఆరె త్రిప్పుచు, ప్రక్కన పుస్తకము పెట్టుకొని లాటిను, గ్రీకు, హీబ్రూ భాషలను అభ్యసించెను. కుక్ నావికుని సముద్రయాన వృత్తాంతములు చదివిన నాటినుండి దూరదేశములమీద ఆయన మనస్సు నిలిచెను. 1781లో డొరతీ ప్లాకెట్ అను నామెను వివాహమాడెను. ఆమె చదువురానిది, పెండ్లి పుస్తకమున సంతకమునకు మారుగా గీటు గీచినది. 1792 అక్టోబరు 2వ తేదీని కెటరింగు పట్టణమున కొందరు బాప్తిస్టు బోధకులు కూడి మిషను సంఘమొకటి స్థాపించిరి. ఆనాటి చందా మొత్తము 13 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్సులు. ఆ సొమ్ము బలముతో పరదేశమునకు పోవుటకు సిద్ధపడినవాడు కేరీ.

భార్య మొదట రానన్నది. నిండు గర్భిణి; సముద్రమును చూచి యెరుగనిది. పెద్దకుమారుని మాత్రము వెంటబెట్టుకొని కేరీ ఓడ యెక్కెను. కాని ఈస్టిండియా కుంపినీవారి అనుమతిపత్రము లేనందున ఓడవారు దింపివేసిరి. ఈలోగా ఆమె ప్రసవించినది. పసిబిడ్డకు కొలది వారముల వయసుండగా, తన చెల్లెలు కూడ వచ్చినచో తానును వత్తునని ఆమె యొప్పుకొన్నది. 1793 జూన్ 13వ తేదీని వారందరును ఒక డేనిష్ ఓడలో బయలుదేరిరి. తోడు వచ్చిన జాన్ థామస్ అను వైద్యుడు మునుపు బంగాళమున నుండినవాడు. కరుణ గలవాడే గాని అప్పులపాలైనవాడు. ఐదు నెలల ప్రయాణములో కేరీ ఆయనయొద్ద బంగాళీ అక్షరములు దిద్దుకొనెను. నవంబరు 11వ తేదీని, కుంపినీ అధికారుల కంట పడకుండ, చిన్న పడవలో కలకత్తా చేరిరి.

సంవత్సరము గడచుటకై తెచ్చుకొన్న సరకు వ్యవహారము థామస్ చేతిలో నుండెను. కొలది వారములకే అది హరించిపోయెను. పాత ఋణదాతలు థామసును చుట్టుముట్టిరి. కేరీకి భార్య, మరదలు, నలుగురు పిల్లలు; మున్షీ రామరామ బసునకు నెలకు ఇరువది రూపాయల జీతము. నగరమున ఇల్లు దొరకక తిరుగుచుండగా ఒక బంగాళీ వడ్డీవ్యాపారి తన తోటయింటిని అద్దె పుచ్చుకొనక విడిచి యిచ్చెను. అది చిన్నది, తేమగలది. డొరతీకిని పెద్దకుమారునకును రక్తగ్రహణి పట్టుకొనెను. ధనవంతులగు ఆంగ్లేయులు కొందరు నగరమున నున్నను, అనుమతి లేక వచ్చిన యీ పేద పాదిరికి వారు ఆశ్రయమీయలేదు. ఉదయమున మున్షీతో పాఠము. పిమ్మట బజారునకు పోయి వచ్చీరాని భాషలో బోధ. సాయంకాలము ఇల్లు చేరునప్పటికి రోగుల మూలుగు, భార్య నిష్ఠురములు. ఆ నిష్ఠురములలో న్యాయము లేదని మనము చెప్పజాలము.

1794 ఫిబ్రవరిలో, సుందరవనముల ప్రాంతమున బంజరు దొరకునని విని, కుటుంబమంతయు పడవలో బయలుదేరెను. తెచ్చుకొన్న తిండి అయిపోవచ్చుచుండగా, నేడు బంగ్లాదేశములో నున్న దేభట్టవద్ద ఒక బంగళా కనబడెను. అది కుంపినీవారి ఉప్పు కొఠారు అధికారి చార్లెస్ షార్టు అనువానిది. ఆయనకు కేరీ మతమునందు నమ్మకము లేదు. అయినను ఎన్నడు చూచి యెరుగని యీ పెద్ద కుటుంబమును తన యింట నెలల తరబడి పోషించెను. తుదకు కేరీ మరదలిని వివాహమాడెను. కేరీ అచ్చట అడవి నరికించి, వెదురుతో ఇల్లు కట్టుటకు పూనుకొనెను. పులుల భయము మెండు. అంతలో మాల్దా ప్రాంతమునుండి జార్జి ఉడ్నీ అను దొర కబురంపెను: మద్నాబతిలోని నీలిమందు కర్మాగారమునకు అధికారి కావలెను, జీతము నెలకు రెండువందల రూపాయలు. ఎగువనదికి వారముల తరబడి పడవప్రయాణము చేసి 1794 జూన్‌లో కేరీ అచ్చటికి చేరెను. చేరిన పిమ్మట, తన పోషణకై ఇక సొమ్ము పంపనక్కరలేదని ఇంగ్లండులోని సంఘమువారికి వ్రాసెను. సంతోషింపవలసిన సంఘమువారు, వ్యాపారమున పడి కర్తవ్యమును మరువరాదని హెచ్చరించుచు ప్రత్యుత్తరమిచ్చిరి. ఆ మాట ఆయనకు ములుకువలె నాటెను. ఇల్లు విడిచిన తరువాత ఏడాదికి పైగా స్వదేశమునుండి ఒక్క జాబైనను అందని వానికి, అందిన జాబులలో ఇట్టి మాట యుండుట కష్టమే గదా!

నీలిమందు పని వానకాలమున తెరపి లేనిది. రైతులు కోసి తెచ్చిన మొక్కలను తొట్లలో నానవేయవలెను. పులిసిన నీటిని మరియొక తొట్టిలోనికి దింపి కూలీలచేత చిలికింపవలెను. అడుగున తేరిన మడ్డిని కాచి, వడగట్టి, బిళ్లలుగా కోసి ఆరవేయవలెను. కొంత ఆలస్యమైనను రంగు చెడును. తక్కిన నెలలలో కేరీకి తీరిక. అప్పుడు రెండు పడవలు సిద్ధము చేసికొనును. ఒకటి నిద్రించుటకు, రెండవది వంటకు. ఆ చుట్టుపట్ల సుమారు రెండువందల గ్రామములు. పడవ కట్టివేసి, ఊరినుండి ఊరికి నడచి, చెట్లక్రింద జనులను కూర్చుండబెట్టి మాటలాడెడివాడు. మున్షీయొద్ద నేర్చిన గ్రంథభాష కలకత్తా పండితులకు తెలిసినదే గాని ఇచ్చటి రైతులకు కొరుకుడు పడలేదు. కావున ఆయన సేద్యగాండ్రయొద్ద, పడవవాండ్రయొద్ద రెండవమారు ఓనమాలు మొదలు పెట్టవలసివచ్చెను. తాను పుస్తకములలో చదివిన మాట వేరు, జనుల నోట వినబడు మాట వేరు అని ఆయన యెరిగినది ఇచ్చటనే. తరువాతి కాలమున బంగాళీ వచనమునకు ఆయన చేసిన సేవకు మూలము ఈ పొలముగట్ల చదువే యని నా యభిప్రాయము.

మొదటి వానకాలమునందే విషజ్వరము ఆయనను మంచమున పడవేసెను. తాను లేచునంతలో ఐదేండ్ల కుమారుడు పీటరు రక్తగ్రహణితో మరణించెను. శవమునకు గోయి త్రవ్వువారు దొరకలేదు. కులము పోవునని హిందువులు జంకిరి; ముసల్మానులును మొదట వెనుదీసిరి. ఎంతయో బ్రతిమాలిన మీదట నలుగురు ముసల్మానులు గోయి త్రవ్విరి. ఆ నలుగురితో ఎవరును కలసి భుజింపరాదని ఊరి పెద్ద కట్టడి చేసెను. కేరీ మంచముమీదినుండి లేచి ఆ తగవు తీర్చవలసివచ్చెను. బిడ్డను పూడ్చుకొనుటకు కూడ తావు వెదకుకొనవలసిన పరదేశవాసము అది.

డొరతీ మనస్సు ఆ దుఃఖమునుండి కోలుకొనలేదు. 1795 మొదలుకొని ఆమెకు మతి చలించెను. భర్తమీద లేనిపోని అనుమానములు. వీధిలోనికి వచ్చి నిందలు. ఆయన ప్రాణమునకే అపాయము కలిగిన సందర్భములును కలవు. పిచ్చియాసుపత్రికి పంపుమని కొందరు చెప్పినను కేరీ వినక ఇంటనే యుంచుకొనెను. ఒక గదిలో ఆమె కేకలు, ప్రక్కగదిలో ఆయన అనువాదము. 1807 డిసెంబరులో ఆమె చనిపోవువరకు పండ్రెండేండ్లు ఇట్లే గడచెను. ఆయన సహనమును అందరు కొనియాడుదురు. కొనియాడదగినదే. అయినను తాను కోరని దేశమునకు, తాను కోరని పనికై కొనిరాబడిన యా యిల్లాలు చెల్లించిన వెల భర్త చెల్లించిన దానికంటె తక్కువది కాదు. ఆమె వ్రాయనేరదు, కనుక ఆమె పక్షపు కథ కాగితమున నిలువలేదు.

1798లో ఉడ్నీ దొర కలకత్తాలో నొక కొయ్య అచ్చుయంత్రమును కొని పంపెను. దానిని చూడవచ్చిన జనులు, కేరీ దాని మహిమలు వర్ణించుట విని, ఇది దొరగారి దేవత కాబోలు ననుకొనిరి! వారి మాటలో కొంత నిజము లేకపోలేదు. మరుసటి యేట, గంగయొడ్డున ఒక సహగమనమును ఆయన కన్నులార చూచి, మాన్పింప ప్రయత్నించి, విఫలుడై మరలెను. వరదల చేతను నష్టముల చేతను మద్నాబతి కర్మాగారము మూతపడెను. ఆరేండ్ల బోధకు ఫలముగా ఒక్కడైనను ఆయన మతము పుచ్చుకొనలేదు.

అంతట ఇంగ్లండునుండి మార్ష్‌మన్, వార్డ్ మొదలగువారు వచ్చి, డేనిష్ ప్రభుత్వము క్రింద నున్న శ్రీరామపురమున దిగిరి. కుంపినీ అధికారము అచ్చట చెల్లదు. 1800 జనవరి 10న కేరీయు వారిని చేరెను. మార్ష్‌మన్ బడిపంతులు, వార్డ్ అచ్చుపని యెరిగినవాడు. అందరిది ఒకే భోజనశాల, ఒకే ధనపు పెట్టె. పంచానన కర్మకార్ అను కమ్మరి అక్షరములు చెక్కి పోతపోసెను. ఆ యేటి డిసెంబరు 28న కృష్ణపాల్ అను వడ్రంగి, ఆ మతమున మొదటివాడు, హుగ్లీలో స్నానము పొందెను. 1801లో బంగాళీ క్రొత్త నిబంధన అచ్చయ్యెను. అదే యేట కేరీ ఫోర్టు విలియం కళాశాలలో నెలకు ఐదువందల రూపాయల జీతముపై బోధకుడయ్యెను. తరువాత జీతము వేయి రూపాయలయ్యెను. అందు అత్యధిక భాగము సంఘపు పెట్టెలోనికే పోయెను.

1806 జూన్ 12వ తేదీనాటి దినచర్యను ఆయన ఒక మిత్రునకు వ్రాసియుంచినందున మనకు తెలియుచున్నది. ఉదయము ఆరు కొట్టకముందే లేచెను. హీబ్రూ గ్రంథమున ఒక అధ్యాయము చదివెను. ఏడు గంటలకు సేవకులతో కలసి బంగాళీలో ప్రార్థన. తేనీరు పోయులోపల మున్షీతో పారసీ, ఉపాహారమునకు ముందు హిందూస్థానీ. పిమ్మట పండితునితో కూర్చుండి సంస్కృత రామాయణమును ఆంగ్లమున అనువదించుట. పది గంటలకు కళాశాల. రెండుగంటల వేళకు వచ్చి అచ్చుచిత్తులు దిద్దుట. భోజనానంతరము ఆరు గంటలవరకు సంస్కృతమున మత్తయి సువార్త. అటుపై తెలుగు పండితునితో పాఠము! ఏడున్నరకు ఆంగ్లమున ప్రసంగము. తొమ్మిది మొదలు పదునొకండు గంటలవరకు బంగాళీ అనువాదము. ఆ తరువాత జాబు వ్రాయుట, తుదకు గ్రీకు అధ్యాయము. ఆ తెలుగు పండితుడు ఏ యూరివాడో గాని, దీపము పెట్టిన వేళ కలకత్తాలో ఆయన తెలుగు చెప్పుచుండగా కేరీ వ్రాసికొనుచుండుట తలచుకొన్న మన మనస్సు సంతోషించును.

ఆ తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి 1812 మార్చి 11 సాయంకాలము కాలిపోయెను. శ్రీరామపురపు అచ్చుశాలలో కాగితపు కొట్టున నిప్పంటుకొనెను. వార్డ్ కిటికీలు బిగించి, పైకప్పునుండి నీరు పోయించెను. నిప్పు అణగుచుండగా ఎవరో కిటికీ తెరచిరి. గాలి సోకి భవనమంతయు మండిపోయెను. పదునాలుగు భాషల అక్షరములు కరగి ముద్దలయ్యెను. అనేక భాషలను కూర్చి వ్రాయుచుండిన మహానిఘంటువును బూడిదయయ్యెను. అప్పుడు కేరీ కలకత్తాలో నుండెను. మరునాడు మార్ష్‌మన్ పోయి చెప్పెను. అచ్చుయంత్రములును, అక్షరములను పోతపోయు ఉక్కు ముద్రలును మాత్రము దక్కెను. కరగిన లోహమును ఏరి మరల పోతపోసిరి. కొలది వారములలో పని సాగెను. కేరీ తెలుగు వ్యాకరణమును మొదటినుండి తిరిగి వ్రాసెను. 1814లో అచ్చయినది ఆ రెండవ వ్రాతయే. 1818లో శ్రీరామపురమున వెలువడిన తెలుగు క్రొత్త నిబంధన మాత్రము వాడుకలో నిలువలేదు. ఒక్క తరములో ముప్పదికి పైగా భాషల పని తలపెట్టినప్పుడు కొన్ని పచ్చిగా నుండుట సహజము.

మొక్కలన్న ఆయనకు ప్రాణము. మన సామర్లకోటలో వృక్షశాస్త్రము సాగించి, పిమ్మట కలకత్తా ఉద్యానమునకు పోయిన రాక్స్‌బర్గ్ దొర గ్రంథమును ఆయన మరణానంతరము అచ్చువేయించినది కేరీయే. 1820లో వ్యవసాయ ఉద్యాన సంఘమును స్థాపించెను. 1818లో శ్రీరామపుర కళాశాలయు, సమాచార దర్పణమను బంగాళీ పత్రికయు పుట్టెను. 1829 డిసెంబరులో బెంటింకు ప్రభువు సహగమనమును నిషేధించినపుడు ఆ శాసనమును బంగాళీలోనికి మార్చు పని కేరీకి వచ్చెను. అది ఆదివారము. ఆలస్యమైన కొలది ఎందరో స్త్రీలు మంటలో పడుదురని, దేవాలయపు ప్రసంగమును మరియొకరికి అప్పగించి, ప్రొద్దు క్రుంకులోపల పూర్తి చేసెను. గంగయొడ్డున విఫలుడై మరలిన దినమునకు అప్పటికి ముప్పదియేండ్లు.

స్వదేశమునకు ఒక్కమారైనను మరలిపోక, 1834 జూన్ 9వ తేదీని శ్రీరామపురమున కేరీ కన్ను మూసెను. మరణశాసనమున, తాను సేకరించిన శిలలు, శంఖములు, పురుగులు, ఎండబెట్టిన మొక్కలును, పలుభాషల బైబిళ్లును కళాశాలకు వ్రాసియిచ్చెను. మిగిలిన గ్రంథములను వేలము వేసి, వచ్చిన సొమ్ములో పదునైదువందల రూపాయలు కుమారుడు జేబెజునకు ఈయవలెనని వ్రాసెను. ఇంగ్లండు విడిచిన నాడు తల్లి యొడిలో నుండిన పసిబిడ్డ ఆ జేబెజే.