మూడో తరగతి చదువు.. రూ.2 వేల కారు: బండి విప్పి ఇంజినీరైన జీడీ నాయుడు

పాత అమెరికా కార్లు కొని, ఇంటి వెనక షెడ్డులో విప్పేసి, ఇంజిన్ మార్చి మళ్లీ రోడ్డెక్కించే వీడియోలు ఇప్పుడు ఫోన్‌లో ఒకటి చూస్తే పది వస్తున్నాయి. ఆ మస్టాంగ్‌లు, కమారోలు మన వైపు పెళ్లి ఊరేగింపుల్లో కూడా కనిపించవు. కానీ బండి విప్పే పిచ్చి మాత్రం మనకేం కొత్త కాదు. తెనాలిలో పాత వాహనాల నట్లు, బోల్టులు, గేర్లు ఏరి నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులున్నారు. అదే పిచ్చితో ఓ తెలుగు కుటుంబం కుర్రాడు వందేళ్ల కిందట బస్సుల కంపెనీ పెట్టాడు. ఆ తర్వాత ఏకంగా కారే తయారు చేశాడు. ఆ కారు రోడ్ల మీద ఎందుకు లేదన్నదే ఈ కథ.

ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. అందరికీ తెలిసిన పేరు జీడీ నాయుడు. తమిళనాడులో ఈ పేరు చెబితే చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు, అక్కడ ఆయన్ని భారతదేశపు ఎడిసన్ అంటారు. మన దగ్గర మాత్రం చాలామందికి తెలియదు. విచిత్రం ఏంటంటే ఆయన ఇంటి భాష తెలుగే. వందల ఏళ్ల కిందట తెలుగు నేల నుంచి వెళ్లి కోయంబత్తూరు చుట్టుపక్కల వ్యవసాయం చేసుకుంటూ స్థిరపడ్డ కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి.

1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెటూళ్లో ఆయన పుట్టారు. తండ్రి రైతు. బడి అంటే ఆ పిల్లాడికి అస్సలు పడేది కాదు. అయ్యవారి ముఖం మీద ఇసుక చల్లి పారిపోయాడని ఓ కథ చెబుతారు. చదువు మూడో తరగతితో సరి. తర్వాత పొలం పనులే.

బండి కోసం హోటల్లో సర్వర్

ఆయన జీవితాన్ని మార్చింది ఒక మోటార్ సైకిల్. ఓ బ్రిటిష్ రెవెన్యూ అధికారి రడ్జ్ బండి మీద ఆ పక్క ఊళ్లకు వచ్చేవారట. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి దానంతట అదే పోతోంది. పొలంలో పనిచేసే కుర్రాడికి అది చూశాక ఇంకో ధ్యాస లేకుండా పోయింది. అలాంటి బండి కొనాలంటే డబ్బు కావాలి. అందుకని కోయంబత్తూరు వెళ్లి ఓ హోటల్లో సర్వర్‌గా చేరాడు. మూడేళ్లు పనిచేసి, కూడబెట్టిన డబ్బుతో ఆ బండినే కొన్నాడు.

కొన్నవాడు దర్జాగా తిరగొచ్చు కదా. తిరగలేదు. ఇంటికి తెచ్చి మొత్తం విప్పేశాడు.

అప్పటి రడ్జ్ ఎలా ఉండేదంటే.. ఒకటే సిలిండర్, స్పార్క్ ఇవ్వడానికి మాగ్నెటో, చాలా మోడళ్లలో వెనక చక్రానికి గొలుసు బదులు బెల్టు. పెద్దగా ఎలక్ట్రికల్ గందరగోళం ఉండదు. ఓపికగా చూస్తే పెట్రోలు ఎక్కడ గాలితో కలుస్తోంది, ఎక్కడ మండుతోంది, ఆ బలం చక్రానికి ఎలా చేరుతోంది అన్నది కంటికే కనిపిస్తుంది. ఇంగ్లాండులో తయారైన బండి, పుస్తకం ఉన్నా చదివే ఇంగ్లిష్ లేదు, చెప్పేవాళ్లు లేరు. ఏ ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తు పెట్టుకుని మళ్లీ బిగించడమే పాఠం. అలా విప్పి, బిగించి ఆయన మెకానిక్ అయ్యారు. ఈ కాలం కుర్రాళ్లు యూట్యూబ్ పక్కన పెట్టుకుని చేసే పని ఆయన ఒంటరిగా చేశారు.

మధ్యలో పత్తి వ్యాపారంలోకి దిగి బాగానే సంపాదించారు. ఆ సంపాదన పట్టుకుని బొంబాయి మార్కెట్‌కి వెళ్లి పోగొట్టుకున్నారు. చేతిలో మిగిలింది మళ్లీ ఆ మెకానిక్ పనే.

పొల్లాచ్చి నుంచి పళనికి

కోయంబత్తూరులో స్టేన్స్ అనే బ్రిటిష్ పారిశ్రామికవేత్త ఉండేవారు. ఆయన అప్పుగా సాయం చేస్తే 1920లో నాయుడు ఓ బస్సు కొన్నారు. పొల్లాచ్చి - పళని రూటు. డ్రైవర్ ఆయనే, రిపేర్ వస్తే కిందికి దూరేదీ ఆయనే. పళని గుడికి వెళ్లే భక్తులతో ఆ రూటు ఎప్పుడూ కిటకిటలాడేది. ఒక బస్సు కాస్తా కొన్నేళ్లలోనే యూఎంఎస్ అనే పెద్ద సంస్థ అయింది. దేశంలోనే చక్కగా నడిచే ప్రైవేటు బస్సు సంస్థల్లో ఒకటని దానికి పేరొచ్చింది.

ఆ రోజుల్లో బస్సు అంటే ఇప్పటిలా షోరూమ్ నుంచి తయారై వచ్చేది కాదు. ఇంజిన్, ఛాసిస్ విదేశాల నుంచి వచ్చేవి. 1926లో ఫోర్డ్, 1928లో జనరల్ మోటార్స్ మన దేశంలో అసెంబ్లీ మొదలుపెట్టాక ఫోర్డ్, షెవర్లే ఛాసిస్‌లు ఊరూరా చేరాయి. వాటి మీద చెక్కతో బాడీ కట్టేది మన వడ్రంగులే. విడిభాగం విరిగితే అమెరికా నుంచి ఓడ వచ్చేదాకా కూర్చోలేరు కాబట్టి ఇక్కడే సానబట్టి, అతికించి, పోతపోసి నడిపించేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు దొరక్కపోతే బస్సు వెనక బొగ్గుల కొలిమి బిగించి, ఆ గ్యాస్‌తో అదే ఇంజిన్‌ని తోలారు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పెద్దవాళ్లు చెప్పే బొగ్గు బస్సులు అవే. ఇప్పుడు మోడిఫికేషన్ అని ముద్దుగా పిలుస్తున్నాం కానీ, అప్పట్లో అది సరదా కాదు, పొట్టకూటి అవసరం.

బస్సులు నడిపిన చేత్తోనే నాయుడు మిగతా యంత్రాల మీదా పడ్డారు. 1937లో పీలమేడులోని ఆయన సంస్థ నుంచి ఎలక్ట్రిక్ మోటారు వచ్చింది. మన దేశంలో తయారైన తొలి మోటార్లలో ఒకటిగా దాన్ని చెప్పుకుంటారు. దాన్ని తయారు చేసిన బృందానికి నాయకుడు బాలసుందరం నాయుడు. ఆ మోటార్ల మీదే కోయంబత్తూరు పంపుసెట్ల ఊరిగా ఎదిగింది. పొలాల్లో కోయంబత్తూరు మోటార్లు చూసిన రైతులకు ఆ ఊరి పేరు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు.

ఇంకా ఏమేం చేశారంటే లెక్క తేలదు. డ్రై బ్యాటరీతో నడిచే రేజర్, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, పళ్ల రసం తీసే మిషను, మోసం చేయడానికి వీల్లేని ఓట్ల యంత్రం.. అయిదు వాల్వుల రేడియోను రూ.70కే ఇవ్వగలనని 1941లో ప్రకటించారు. ఇవి కాక కెమెరా పిచ్చి వేరే. లండన్‌లో అయిదో జార్జ్ చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా ఫిల్మ్ తీశారు. 1936లో ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు కూడా. అది ఆయన యంత్రం కాదు మరి.

కారు తయారైంది.. లైసెన్సు రాలేదు

1952లో ఆయన దగ్గర నుంచి ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు బయటికొచ్చింది. ధర రెండు వేల రూపాయలు. అప్పట్లో మామూలు కారు కొనాలంటే దానికి ఎన్నో రెట్లు పెట్టాలి. డాక్టరో, జమీందారో తప్ప ఇంకొకరు ఆ మాటే ఎత్తరు. అలాంటి టైమ్‌లో చిన్న ఉద్యోగి, చిన్న వ్యాపారి కూడా కొనగలిగే కారు అది.

కానీ కారు చేయడం వేరు, అమ్ముకోడానికి చేయడం వేరు. 1951లో వచ్చిన పరిశ్రమల చట్టంతో ఏ పెద్ద వస్తువు తయారీకైనా కేంద్రం లైసెన్సు తప్పనిసరి అయింది. విదేశీ మారకం తక్కువగా ఉంది, కార్లు చేసే కంపెనీలు కొన్నే ఉండాలన్నది అప్పటి విధానం. హిందుస్థాన్ మోటార్స్, ప్రీమియర్ లాంటి సంస్థలు అప్పటికే రంగంలో ఉన్నాయి. విడిభాగాలు తెచ్చి బిగించి అమ్మే ఫోర్డ్, జనరల్ మోటార్స్ కూడా 1950ల మధ్యకల్లా ఇక్కడ సర్దేసుకున్నాయి. కోయంబత్తూరు నాయుడి కారుకు లైసెన్సు ఇవ్వలేదు. తయారీ అక్కడితో ఆగిపోయింది.

ప్రభుత్వం వైపు లెక్కలు ప్రభుత్వానికి ఉండొచ్చు. అయినా ఈ విషయంలో జరిగిన నష్టం చిన్నది కాదు. చౌక కారు కావాలని ఢిల్లీలో కమిటీలు కూర్చుంది ఆ తర్వాతే. మారుతి 800 జనం చేతికి వచ్చింది 1983 డిసెంబరులో. అంటే నాయుడు కారు బయటికొచ్చిన 31 ఏళ్లకు. అది చూడ్డానికి ఆయన లేరు.

చదువు విషయంలోనూ ఇలాంటిదే ఒకటి జరిగింది. ఆయన చొరవ, విరాళాలతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరు మీద పాలిటెక్నిక్, 1945లో ఇంజినీరింగ్ కాలేజీ వచ్చాయి. మూడో తరగతి చదివిన మనిషి ఇంజినీరింగ్ కాలేజీకి ప్రిన్సిపల్ అయ్యారు. నాలుగేళ్ల కోర్సు దండగ, చేతులతో పని నేర్పితే రెండేళ్లు చాలన్నది ఆయన వాదన. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసి వచ్చేశారు. ఆ కాలేజీనే ఇప్పటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. కోర్సు మాత్రం ఇప్పటికీ నాలుగేళ్లే.

ఇంట్లో బండి మార్చుకునేవాళ్లకు ఇప్పుడూ దారి సాఫీగా ఏం లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకూ కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజిన్ మార్చాలంటే ముందుగా ఆర్టీఏ అనుమతి ఉండాలి. రోడ్డు మీద పక్కవాడి ప్రాణం కూడా చూడాలి కాబట్టి ఆ నిబంధనను తప్పుపట్టలేం. నాయుడికి అడ్డొచ్చింది మాత్రం భద్రత కాదు, కోటా.

1944లోనే బస్సుల వ్యాపారం నుంచి తప్పుకుని దానధర్మాలు, ప్రయోగాల మీద పడ్డ ఆయన 1974 జనవరి 4న కన్నుమూశారు. అంతకు ఏడేళ్ల ముందే, 1967లో, యంత్రాలన్నీ జనం చూసేలా పారిశ్రామిక ప్రదర్శనశాల ఏర్పాటైంది. 2015లో కుటుంబ సభ్యులు పాత కార్ల మ్యూజియం కూడా తెరిచారు. బెంజ్ తొలి కారు నమూనా దగ్గర్నుంచి రకరకాల దేశాల బండ్లు అందులో ఉన్నాయి. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద ప్రారంభమైన 10.1 కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కు తమిళనాడు ప్రభుత్వం జీడీ నాయుడు పేరే పెట్టింది.

ప్రదర్శనశాల, మ్యూజియం రెండూ ఆ అవినాశి రోడ్డులోనే ఉన్నాయి. తెనాలి, బాపట్ల మీదుగా పోయే శబరి ఎక్స్‌ప్రెస్ కోయంబత్తూరు వెళ్తుంది. రేపల్లె వాళ్లు తెనాలి దాకా వచ్చి ఎక్కాల్సి ఉంటుంది.