విమానం పేరులో ఉన్న మనిషి

మన కాకినాడ బీచ్‌కి వెళ్ళినవాళ్ళు ఆ విమానం ముందు నిలబడి ఫోటో దిగకుండా వెనక్కి రారు. నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజనుకి ఒకదాని వెనక ఒకటిగా రెండేసి పంకాలు, ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకి దాదాపు 50 మీటర్లు. మన నౌకాదళం 1988 నుంచి 2017 వరకు, అంటే 29 ఏళ్ళ పాటు, సముద్రం మీద గస్తీ తిరగడానికి, నీళ్ళ అడుగున జలాంతర్గాములను వెతకడానికి వాడిన టీయూ-142 రకం విమానం అది. ఇలాంటిదే ఇంకొకటి విశాఖపట్నం బీచ్ రోడ్డులో 2017 డిసెంబరు నుంచి మ్యూజియంగా ఉంది.

ఈ హాస్టల్లో చదువుకుని ఇప్పుడు పీజీ చేస్తున్న మేము కొందరం, ఆదివారాలు తమ్ముళ్ళకి లెక్కలు, సైన్సు చెప్పడానికి వస్తుంటాం. అలా ఒక ఆదివారం వార్డెన్ గారి అనుమతితో హైస్కూలు తమ్ముళ్ళను ఆ విమానం దగ్గరికి తీసుకెళ్ళాం. తొమ్మిదో తరగతి తమ్ముడొకడు టీయూ అంటే ఏమిటన్నయ్యా అని అడిగాడు. ఫిజిక్సులో ఎం.ఎస్సీ. చదువుతున్న మాకు తెలియలేదు. ఏదో ఇంగ్లీషు మాటకి పొట్టిపేరు అయ్యుంటుందని తప్పించుకున్నాం. హాస్టల్‌కి వచ్చాక సిగ్గేసి వెతికి చదివాం. అది పొట్టిపేరే, కానీ ఒక మనిషి ఇంటిపేరుది. ఆ మనిషి జీవితం చదివాక, మన హాస్టల్ పిల్లలకి చెప్పి తీరాలనిపించింది. అందుకే ఈ వ్యాసం.

పల్లె నుంచి మాస్కోకి

ఆంద్రే నికొలాయెవిచ్ తుపోలెవ్ 1888 నవంబరు 10న రష్యాలోని త్వేర్ ప్రాంతంలో పుస్తోమజోవో అనే చిన్న పల్లెలో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో ఆరోవాడు. తండ్రి చదువుకున్న మనిషి, కొద్దిపాటి భూమి ఉంది. కాబట్టి మన ఇళ్ళలాంటి పేదరికంలో పెరిగారని చెప్పలేం. కానీ పెద్ద కుటుంబం, పల్లెటూరు, పై చదువుకి ఊరు విడిచి వెళ్ళక తప్పని పరిస్థితి. ఇవి మనకు తెలిసినవే. ఆయన పుట్టేనాటికి ప్రపంచంలో విమానమే లేదు. అమెరికాలో రైట్ సోదరులు 1903లో మొదటిసారి ఎగిరేనాటికి ఆయనకు 15 ఏళ్ళు, త్వేర్ పట్టణంలో స్కూల్లో చదువుతున్నారు.

1908లో మాస్కోలోని ఇంపీరియల్ టెక్నికల్ స్కూల్లో ఇంజనీరింగులో చేరారు. అక్కడ నికొలాయ్ జుకోవ్‌స్కీ అనే ప్రొఫెసరు ఉండేవారు. గాలి ఎలా కదులుతుంది, రెక్కను ఎలా పైకి లేపుతుంది అనే శాస్త్రానికి రష్యాలో ఆయనే ఆద్యులు. ఆయన బోర్డు మీద సూత్రాలు రాసి వదిలేసే మాష్టారు కాదు. ఆయన చుట్టూ విద్యార్థులు ఒక బృందంగా ఏర్పడ్డారు. గాలిలో ఎగిరేవాటి గురించి చదవడం, మాట్లాడుకోవడం, వాటిని సొంత చేతులతో తయారు చేయడం ఆ బృందం పని. తుపోలెవ్ 1909లో అందులో చేరారు.

ఆ కుర్రాళ్ళు ఒక గాలి సొరంగం కట్టారు. దీన్నే విండ్ టన్నెల్ అంటారు. విమానం నమూనాను కదలకుండా నిలబెట్టి, దాని మీదికి గాలిని వదిలి, ఏ ఆకారం గాలిని ఎలా చీలుస్తుందో కొలిచే ఏర్పాటు అది. తర్వాత ఇంజను లేని విమానం, గ్లైడరు, ఒకటి తయారు చేశారు. 1910లో తుపోలెవ్ స్వయంగా అందులో ఎగిరారు. పుస్తకంలో చదివిన రెక్క, చేతులతో చెక్కిన రెక్క, తన బరువును మోసిన రెక్క, మూడూ ఒకటేనని ఆయనకు అప్పుడు తెలిసివచ్చి ఉంటుంది.

పదేళ్ళ డిగ్రీ

1911లో విద్యార్థుల ఆందోళనల్లో పాల్గొన్నారని జారు ప్రభుత్వం ఆయన్ను అరెస్టు చేసింది. తర్వాత సొంత ఊరికి పోయి ఉండాలనే షరతు మీద వదిలిపెట్టింది. చదువు ఆగిపోయింది. 22 ఏళ్ళ కుర్రవాడు, గ్లైడరు ఎగరేసినవాడు, మళ్ళీ పల్లెలో పొలం పనుల్లో పడ్డారు. 1914లో గానీ తిరిగి కాలేజీలో అడుగు పెట్టనివ్వలేదు. అప్పుడే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. చివరికి 1918లో నీటి మీద దిగే విమానం గురించి థీసిస్ రాసి ఇంజనీరు పట్టా తీసుకున్నారు. 1908లో మొదలైన చదువు 1918కి పూర్తయింది. పదేళ్ళు.

తమ్ముళ్ళూ, ఈ పదేళ్ళ అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఒక్క ఏడాది తప్పితే మన ఇళ్ళల్లో ఏం జరుగుతుందో మనకు తెలుసు. ఇక చదివింది చాలు, పనికి రమ్మంటారు. వాళ్ళను తప్పు పట్టలేం, ఇంట్లో పరిస్థితి అది. మా ఇళ్ళల్లో డిగ్రీ వరకు వచ్చినవాళ్ళం మేమే మొదలు. మాతో పదో తరగతి రాసినవాళ్ళలో చాలామంది ఆ ఒక్క ఏడాది దగ్గరే ఆగిపోయారు. ఆగిన చదువు ముగిసిన చదువు కాదని చెప్పేవాళ్ళు వాళ్ళకు దొరకలేదు.

రేకు విమానం

పట్టా వచ్చిన 1918లోనే, డిసెంబరులో, జుకోవ్‌స్కీతో కలిసి త్సాగి అనే విమాన పరిశోధన సంస్థను మొదలుపెట్టారు. అప్పటికి విమానాలంటే ఎక్కువగా కర్ర, గుడ్డ. వానకి నానేవి, ఎండకి వంగేవి. తుపోలెవ్ దురాల్యుమిన్ అనే లోహాన్ని నమ్ముకున్నారు. అల్యూమినియంలో కొంచెం రాగి వగైరా కలిపితే వచ్చే తేలికైన, గట్టి లోహం అది. దాంతో ఏకంగా విమానం కట్టేయలేదు. ముందు మంచు మీద జారే బళ్ళు, నీటి మీద పోయే వేగపు పడవలు చేసి, ఆ లోహం ఎక్కడ వంగుతుందో, ఎక్కడ తుప్పు పడుతుందో చూశారు. 1923లో కర్ర, లోహం కలిపి ఒక్కరే కూర్చునే చిన్న విమానం కట్టారు. 1924లో పూర్తిగా లోహంతో చేసిన విమానం ఎగిరింది. సోవియట్ దేశంలో అదే మొదటిది.

ఆ తర్వాత పదమూడేళ్ళు ఆయనకు తిరుగులేదు. 1934లో ఎనిమిది ఇంజన్లు, 63 మీటర్ల రెక్కలు ఉన్న మాక్సిం గోర్కీ అనే విమానం కట్టారు. మరుసటి ఏడాది పక్కనే ఎగురుతున్న చిన్న విమానం ఢీకొని అది కూలిపోయింది, అందులో ఉన్నవారంతా చనిపోయారు. 1937 జూన్‌లో ఆయన బృందం రూపొందించిన ఏఎన్‌టీ-25 విమానంలో చ్కాలోవ్, మరో ఇద్దరు మాస్కో నుంచి బయలుదేరి, ఉత్తర ధ్రువం మీదుగా 63 గంటలకు పైగా ఆగకుండా ఎగిరి అమెరికాలో దిగారు. ప్రపంచమంతా మెచ్చుకుంది.

జైల్లో పుట్టిన పేరు

సరిగ్గా నాలుగు నెలలకు, 1937 అక్టోబరు 21న, తుపోలెవ్‌ని అరెస్టు చేశారు. స్టాలిన్ కాలంలో లక్షల మందిని అలాగే పట్టుకుపోయారు. దేశద్రోహం, గూఢచర్యం అని లేని నేరాలు మోపారు. మాస్కోలోని బుతీర్కా జైల్లో పెట్టారు. కొంతకాలానికి ప్రభుత్వానికి యుద్ధ విమానాలు అవసరమయ్యాయి. ఇంజనీర్లనే ఖైదీలుగా పెట్టి, డ్రాయింగు బల్లలు వేసిన జైలు ఒకటి తయారు చేశారు. కావలసిన పనివాళ్ళ పేర్లు రాసివ్వమని తుపోలెవ్‌ని అడిగారు. ఆయనతో పాటు ఖైదులో ఉన్న ఒక ఇంజనీరు తర్వాత రాసిన జ్ఞాపకాల ప్రకారం, బయట స్వేచ్ఛగా ఉన్నవాళ్ళ పేరు రాస్తే వాళ్ళనూ పట్టుకొస్తారని భయపడి, అప్పటికే జైల్లో ఉన్నవాళ్ళ పేర్లే ఆయన రాశారట. బాగా చదువుకున్న మనిషి, బాగా భయపడిన మనిషి కూడా, ఆ భయంలో పక్కవాడిని తలుచుకున్నాడు. ఈ జీవితంలో మాకు ఎక్కువ నచ్చిన చోటు ఇదే.

ఆ ఖైదీల్లో సెర్గేయ్ కొరల్యోవ్ ఉన్నారు. 1929లో ఆయన పట్టా ప్రాజెక్టుకి గైడు తుపోలెవే. కొలీమా అనే మంచు ప్రాంతపు శిక్షా శిబిరంలో చావుకి దగ్గరగా వెళ్ళిన ఆ శిష్యుడు 1940లో మాష్టారు ఉన్న జైలుకి చేరారు. తర్వాతి కాలంలో, 1957లో, ప్రపంచంలో మొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌ని పంపింది ఈ కొరల్యోవ్ నాయకత్వంలోనే.

ఆ ఖైదులో రూపొందిన బాంబరు విమానానికి మొదట 103 అనే నంబరు మాత్రమే ఉండేది. ఖైదీ పేరు విమానానికి పెట్టరు కదా. అది 1941 జనవరిలో ఎగిరింది. ఆ ఏడాది జూన్‌లో హిట్లర్ సైన్యం రష్యా మీద పడింది. జూలైలో తుపోలెవ్‌ని విడుదల చేశారు. తర్వాత ఆ విమానానికే టీయూ-2 అని పేరు వచ్చింది. బీచ్ ఒడ్డున మనం చూసే ఆ రెండక్షరాలు విమానాల పేర్లలో చేరింది అలా, జైల్లో పుట్టిన విమానంతో. ఆయన మీద మోపిన నేరాలు తప్పని ప్రభుత్వం ఒప్పుకున్నది మాత్రం స్టాలిన్ చనిపోయిన రెండేళ్ళకి, 1955లో.

మన బీచ్ విమానం వంశం

1952లో టీయూ-95 ఎగిరింది. దాని నుంచి పుట్టి 1968లో మొదటిసారి ఎగిరిందే టీయూ-142. ఒక్కో ఇంజను బలం దాదాపు 15,000 హార్స్‌పవర్. మన రొయ్యల చెరువుల్లో ఏరేటర్ తిప్పే మోటారు ఒకటో రెండో హార్స్‌పవర్ ఉంటుంది, పోల్చుకోండి. రెండేసి పంకాలు ఎందుకంటే, పంకా ఒకటే తిరిగితే అది వెనక్కి తోసే గాలి తిన్నగా పోకుండా మెలితిరుగుతుంది. వెనకే రెండో పంకా ఎదురు దిశలో తిరిగితే ఆ మెలికను సరిచేసి, వృథాగా పోయే బలాన్ని కూడా వాడుకుంటుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. తుపోలెవ్ ప్రయాణికుల కోసం కూడా మంచి విమానాలు కట్టారు. 1956 నుంచి జనాన్ని మోసిన టీయూ-104 తొలినాటి జెట్ విమానాల్లో ఒకటి. కానీ టీయూ-95ను కట్టించింది అణుబాంబులు మోయడానికి. 1961లో ప్రపంచంలోకెల్లా పెద్ద అణుబాంబును పరీక్షకు జారవిడిచింది ఆ రకం విమానమే. గొప్ప నైపుణ్యం ఎవరి చేతికి పనిముట్టు అవుతుందో కూడా చదువుకున్నవాడు ఆలోచించాలి.

1972 డిసెంబరు 23న, 84 ఏళ్ళ వయసులో, ఆయన మాస్కోలో కన్నుమూశారు.

మన వరండాలో గాలి సొరంగం

ఇప్పుడు మా సంగతి. ఇంటర్లో మేము ఫిజిక్స్ ప్రాక్టికల్స్ పాసైంది సీనియర్ల రికార్డులోంచి రీడింగులు దించుకునే. స్క్రూగేజిని సరిగ్గా చేతిలో పట్టుకున్నది పీజీకి వచ్చాకనే. మార్కులు వచ్చాయి, చేయి మాత్రం ఖాళీగా ఉండిపోయింది. ఆ లోటు మీకు ఉండకూడదని, విమానం చూసొచ్చిన మరుసటి ఆదివారం హాస్టల్ వరండాలో చిన్న గాలి సొరంగం కట్టాం. రెండు వైపులా తెరిచిన అట్టపెట్టె, పక్కన కోసిన కిటికీకి ప్లాస్టిక్ కాగితం, ఒక చివర టేబుల్ ఫ్యాను, రెండో చివర వెలిగించిన అగరబత్తి, మధ్యలో థర్మోకోల్‌తో చెక్కిన రెక్క. ఫ్యాను గాలిని లోపలికి ఊదకూడదు, బయటికి లాగాలి. అప్పుడే పొగ గీతలా సాగి రెక్క పైనుంచి, కింద నుంచి పోవడం కనిపిస్తుంది. రెక్కను కొంచెం ఎక్కువ ఎత్తితే పొగ చెదిరిపోతుంది. విమానం ఎందుకు పడిపోతుందో పిల్లలకు ఆ పొగే చెప్పింది.

ఆ రోజు ఫ్యాను పనిచేయలేదు. దాన్ని విప్పి బాగుచేసింది, టీయూ అంటే ఏమిటని అడిగిన ఆ తొమ్మిదో తరగతి తమ్ముడే. వాడు లెక్కల్లో వరసగా తప్పుతున్నాడు. వాళ్ళ నాన్నగారు సంక్రాంతికి వచ్చినప్పుడు తాపీ పనికి తీసుకుపోతానన్నారు. మేము ఆయనకు ఆ సొరంగం, వాడు బిగించిన ఫ్యాను చూపించాం. పదేళ్ళకు డిగ్రీ పూర్తిచేసిన ఇంజనీరు కథ కూడా చెప్పాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. వేసవి సెలవుల దాకా చూద్దాం బాబూ అని వెళ్ళారు. ఇది రాసేనాటికి తమ్ముడు హాస్టల్లోనే ఉన్నాడు. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక గంట లెక్కలు చేస్తున్నాడు. ఫలితం ఏమవుతుందో మేము ముందే చెప్పలేం.

పూర్వ విద్యార్థులకు మా మనవి ఒక్కటే. మీలో ఉద్యోగాల్లో స్థిరపడ్డవాళ్ళు డబ్బే పంపాలని లేదు. నెలకో ఆదివారం రండి. మీకు వచ్చిన పని ఏదైనా, వైరింగ్ కానివ్వండి, వెల్డింగ్ కానివ్వండి, మైక్రోస్కోపు కానివ్వండి, ఈ పిల్లల చేతికి ఇవ్వండి. ఊరి చివర అంత పెద్ద విమానం నిలబడి ఉంది. దాన్ని చూసి ఫోటో దిగి వచ్చే పిల్లలు కాకుండా, దాని రెక్క ఎందుకు అలా వంగిందో అడిగి, చెక్కి, ఎగరేసి చూసే పిల్లలు మన హాస్టల్ నుంచి రావాలి.