తీపి చెట్టు దేశపు పునీతురాలు



క్రిస్మస్ సెలవులకు కెనడా నుంచి ఇంటికి వచ్చే పిల్లలు ఈ మధ్య ఒక సీసా వెంట తెస్తున్నారు. కోటబొమ్మాళి, టెక్కలి వైపు మన విచారణల్లోని ఇళ్లలో కూడా మీరు దాన్ని చూసే ఉంటారు. రంగుకు తేనెలా ఉంటుంది, చిక్కదనంలో తేనెకన్నా ఒక మెట్టు తక్కువ. పిల్లలు దోసెల మీద పోసుకొని తింటారు. పెద్దవాళ్లు ఒక చుక్క నాలుకకు తగిలించుకొని, మన తాటిబెల్లం పాకంతో పోల్చి చూస్తారు. ఆ పోలిక సరైనదే. మన గీత కార్మికుడు తాటిగెలను చెక్కి కుండ కట్టినట్టే, అక్కడివారు మేపుల్ అనే చెట్టు మానుకు చిన్న బెజ్జం పెట్టి, కారే రసాన్ని పట్టి కాస్తారు. రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త వెచ్చదనం ఉండే మార్చి, ఏప్రిల్ రోజుల్లో రసం బాగా దిగుతుంది. చూపుకు అది వట్టి నీరే. సుమారు 40 లీటర్లు మరిగిస్తే ఒక లీటరు పాకం మిగులుతుంది.

ఈ విద్య ఐరోపా నుంచి ఓడలెక్కి వచ్చినది కాదు. ఆ అడవుల ఆదివాసులు తరతరాలుగా ఎరిగినదే. ఆ ఆదివాసులలో మొహాక్ జాతికి చెందిన ఒక పిల్లను 2012 అక్టోబరు 21న 16వ బెనెడిక్ట్ పాపుగారు పునీతురాలిగా ప్రకటించారు. ఆమె పేరు కటేరీ తెకక్విత. ఇప్పటి అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడా ఆదివాసులలో పునీత పట్టం పొందిన మొదటి వ్యక్తి ఆమే. కొలంబసు చేసిన పొరపాటు వల్ల ఆ జాతులవారికి ఇండియన్లనే పేరు పడింది. అందుచేత ఆమె పటం కింద ఇండియను కన్యక అని చదివి, మన దేశపు ఆడబిడ్డే అనుకున్నవారు లేకపోలేదు. అనుకోనివ్వండి, నష్టమేమీ లేదు.

ఆమె 1656లో ఇప్పటి న్యూయార్కు రాష్ట్రంలోని ఒస్సెర్నెనోన్ అనే పల్లెలో పుట్టింది. సరిగ్గా పదేళ్ల ముందు, 1646లో, యేసుసభ గురువు పునీత ఐజక్ జోగ్స్ వేదసాక్షిగా రక్తం చిందించినది ఆ పల్లెలోనే. తండ్రి మొహాక్ పెద్ద. తల్లి అల్గోంక్విన్ అనే వేరే జాతి స్త్రీ, జ్ఞానస్నానం పొందిన క్రైస్తవురాలు, యుద్ధంలో చెరపట్టబడి అక్కడికి వచ్చినది. పిల్లకు నాలుగేళ్ల ప్రాయంలో పల్లెను మశూచి కమ్ముకుంది. తల్లి, తండ్రి, పసి తమ్ముడు ముగ్గురూ పోయారు. కటేరీ బ్రతికింది గాని ముఖమంతా మచ్చలు పడ్డాయి, చూపు మందగించింది. వెలుతురు కళ్లకు గుచ్చుకునేదట. తెకక్విత అనే పేరుకు చేతులతో తడుముకుంటూ నడిచేదని కొందరు, వస్తువులను పొందికగా సర్దేదని కొందరు అర్థం చెబుతారు. రెండూ ఆమెకు తగినవే.

దగ్గరి బంధువుల ఇంట పెరిగింది. 1666లో ఫ్రెంచి సైన్యం వచ్చి మొహాక్ పల్లెలను, దాచుకున్న మొక్కజొన్న గాదెలను తగలబెట్టింది. పదేళ్ల పిల్ల ఆ చలికాలం ఏం తిని గడిపిందో మీరే ఊహించండి. మరుసటి ఏడు సంధి కుదిరాక ముగ్గురు యేసుసభ గురువులు ఆ పల్లెకు వచ్చి మూడు రోజులు ఆ ఇంటనే దిగారు. వారికి వడ్డించి, నీళ్లందించిన పిల్ల కటేరీయే. మాట ఆడకపోయినా వారి ప్రార్థనను కనిపెట్టి చూసింది.

ఇక్కడ ఆమె జాతివారి సంగతి కొంచెం ఆగి చెప్పాలి. లేకుంటే ఆమె మీకు అర్థం కాదు. మొహాకులూ వారితో కూడిన ఇతర జాతులూ సభ తీరినప్పుడల్లా, పని మాటలకు ముందు కృతజ్ఞత చెల్లించడం ఆచారం. మనుషులకు, భూమికి, నీళ్లకు, చేపలకు, మందు మొక్కలకు, మృగాలకు, చెట్లకు, పక్షులకు, గాలులకు, ఉరుములకు, సూర్యచంద్రులకు, చుక్కలకు, చివరకు వీటన్నిటినీ చేసినవానికి వరుసగా వందనాలు చెబుతారు. చెట్లలో పెద్ద మేపుల్ చెట్టే. చలికాలం చివర కడుపులు ఖాళీగా ఉన్న వేళ, మొదట చేతికందేది దాని రసం. అందుకని ఆ చెట్టుకు ఒక పండుగే ఉంది. ఈ మాట మనకు కొత్త కాదు. మన సీతంపేట కొండలమీది సవరలు కందికొత్తల పండుగ చేసుకోనిదే కొత్త కందులు నోట పెట్టరు. సువార్త రాకముందే ఆ నేలలో కృతజ్ఞత అనే పైరు వేసి ఉంది. కటేరీ తెల్ల గురువుల వద్ద మొదటిసారిగా కృతజ్ఞత నేర్చుకుందని వ్రాసే పుస్తకాలు నాకు నచ్చవు. ఎవరికి చెల్లించాలో ఆ పేరు తెలుసుకుంది, అంతే.

1675లో జాక్ దె లాంబెర్విల్ అనే గురువు ఆ పల్లెలో సేవ చేయడానికి వచ్చారు. కాలు దెబ్బతిని ఇంట కూర్చున్న కటేరీ తన కోరిక ఆయనకు చెప్పుకుంది. 1676 పాస్కా పండుగనాడు సియెన్నా పునీత కతెరీనమ్మ పేరున జ్ఞానస్నానం పొందింది. ఆ పేరే మొహాక్ నోట కటేరీ అయింది.

కష్టాలు అటుపిమ్మట మొదలయ్యాయి. అంతకుముందే పెళ్లి వద్దన్నందుకు ఇంట్లోవారు కోపంగా ఉన్నారు. ఇప్పుడు ఆదివారం పొలం పనికి రానన్నందుకు ఆ రోజున తిండి పెట్టడం మానేశారు. గుడికి వెళ్లే దారిలో పిల్లలు రాళ్లు రువ్వారు. ఒక యువకుడు గొడ్డలి ఎత్తి మీదికి వస్తే, ఆమె తల వంచి నిలబడింది, అతడే వెనుదిరిగాడు. చివరకు 1677లో, ఇంటి పెద్ద లేని సమయం చూసి, క్రైస్తవులైన బంధువుల తోడుతో పల్లె విడిచింది. 300 కిలోమీటర్లకు పైగా అడవులూ ఏళ్లూ దాటి, మాంట్రియల్ దగ్గర సెయింట్ లారెన్స్ నది ఒడ్డునున్న పునీత ఫ్రాన్సిస్ జేవియర్ మిషను చేరింది. అక్కడ తల్లికి స్నేహితురాలైన అనస్తాసియా అనే ముసలమ్మ ఆమెను చేరదీసింది.

కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారికి దివ్యసత్ప్రసాదం ఇవ్వడానికి ఆ గురువులు చాలాకాలం ఆగేవారు. కటేరీ విషయంలో ఆగలేకపోయారు. వచ్చిన కొన్ని నెలలకే, 1677 క్రిస్మస్ నాడు, ఆమె మొదటి సత్ప్రసాదం స్వీకరించింది. అప్పటికి ఆమెకు ఏముందో లెక్కవేయండి. తల్లిదండ్రులు లేరు, సొంత ఊరు లేదు, కంటిచూపు సగమే, ముఖాన మచ్చలు. పంచ పరాయిది, తిండి మొక్కజొన్న అంబలి. సత్ప్రసాదానికి మన తిరుసభ వాడే యూకరిస్తు అనే గ్రీకు మాటకు అర్థం కృతజ్ఞత చెల్లించడమని మీకు తెలుసు. ఆ చలి ఉదయాన ఆ గుడిలో ఆ మాటకు అర్థం ఆమెకు తెలిసినంతగా మరెవరికి తెలిసి ఉంటుంది?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. కాపుకొచ్చిన కొబ్బరిచెట్టు మళ్లీ నిలబడాలంటే ఏళ్లు పడుతుంది. రెండున్నర నెలలకే క్రిస్మస్ వచ్చింది. అలాంటి ఏడాది దేవునికి వందనాలు చెప్పమని పీఠం దగ్గర నిలబడి అనడం ఏ గురువుకైనా సులభం కాదు. పంట బాగా పండినందుకు చెప్పే వందనమొకటి ఉంది, అది బాకీ తీర్చడం వంటిది. కటేరీది ఆ రకం కాదు. ఆమె వందనానికి లెక్కల పుస్తకం లేదు.

క్రిస్మస్ అయ్యాక పల్లెవారంతా చలికాలపు వేటకు అడవికి వెళ్లేవారు. ఆమె కూడా వెళ్లింది. అక్కడ మాంసానికి లోటు లేదు, గుడి మాత్రం లేదు. ఏటి పక్కన ఒక చెట్టు మీద సిలువ గుర్తు చెక్కుకొని, ఊళ్లో దివ్యబలిపూజ జరిగే వేళకు అక్కడ మోకరించేది. ఆ వేటలోనే ఒక స్త్రీ తన భర్త విషయంలో ఆమెను అనుమానించి, తర్వాత గురువుకు ఫిర్యాదు చేసింది. కటేరీ తాను నిర్దోషినని ఒక్క మాట చెప్పి ఊరుకుంది. ఆ స్త్రీ మీద పగ పెట్టుకోలేదు. మరుసటి ఏటినుంచి వేటకు వెళ్లలేదు. ఊళ్లో ఉంటే కడుపు మాడుతుంది, అయినా గుడి దగ్గరుంటుంది. ఆమె ఎంచుకున్నది అది.

1679 మార్చి 25న, మంగళవార్త పండుగనాడు, కన్యాత్వ వ్రతం పట్టింది. ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆమె తన శరీరాన్ని మితిమీరి బాధించుకుంది. ముళ్లు పరుచుకొని మూడు రాత్రులు పడుకుంది. స్నేహితురాలు మరియ తెరేసా ఆనవాలు పట్టి నిలదీస్తే, గురువు షోలెనెక్ గారికి చెప్పుకుంది. ఆయన ఆ ముళ్లను నిప్పుల్లో వేయమన్నారు, ఆమె వేసింది. ఆమెను గౌరవించండి గాని ఇందులో అనుసరించకండి. అసలే బలహీనమైన దేహం, త్వరలోనే మంచం పట్టింది.

1680 పవిత్ర వారం వచ్చింది. మేపుల్ రసం కారే కాలం అది. జబ్బుపడినవారిని చెట్టు బెరడు పలకమీద గుడికి మోసుకెళ్లి సత్ప్రసాదం ఇవ్వడం అక్కడి వాడుక. కటేరీకి మాత్రం గురువే సత్ప్రసాదాన్ని గుడిసెకు తెచ్చారు. ప్రభువు తన ఇంటికి వస్తున్నాడంటే కట్టుకోవడానికి ఆమె దగ్గర మంచి బట్ట లేదు. స్నేహితురాలిని అడిగితే ఆమె తన చొక్కా తెచ్చి తొడిగింది. మరునాడు బుధవారం, ఏప్రిల్ 17న, మధ్యాహ్నం మూడు గంటల వేళ కటేరీ ప్రాణం విడిచింది. అప్పటికి 24 ఏళ్లు. కొద్ది నిమిషాలకే ముఖంమీది మచ్చలు పోయి కాంతి వచ్చిందని పక్కనే ఉన్న షోలెనెక్ గురువు వ్రాసి ఉంచారు.

మరునాడు దగ్గరి ఊరినుంచి పండుగ ప్రార్థనలకు వచ్చిన ఇద్దరు ఫ్రెంచివారు ఆ గుడిసెలోకి తొంగిచూసి, ఎవరో పడుచు నిద్రపోతున్నదనుకొని వెళ్లబోయారు. ఆమె ఎవరో తెలిసి వెనక్కి వచ్చి మోకరించారు. తర్వాత చెక్కలు తెచ్చి, ఆమెకు తమ చేతులతోనే శవపేటిక చేశారు.