పెరుగును నమ్మిన మెచ్నికాఫ్

మా మనుమడికి అల్సరేటివ్ కొలైటిస్ అని డాక్టరుగారు తేల్చారు. మన తెల్లకణాలే మన పేగు మీద విరుచుకుపడటమేమిటో నాకు బోధపడలేదు. పుస్తకాలు తిరగేస్తుంటే ఇల్యా మెచ్నికాఫ్ అనే మహానుభావుడు తారసపడ్డారు.

ఆయన 1845లో నేటి ఉక్రెయిన్‌లోని ఖార్కోవ్ ప్రాంతంలో జన్మించారు. నాలుగేళ్ళ చదువు రెండేళ్ళలో ముగించి, తరువాత ఒడెస్సాలో ఆచార్యులయ్యారు. సంసారం మాత్రం కష్టాలపాలే. మొదటి భార్య 1873లో క్షయతో కన్నుమూస్తే, ప్రాణం తీసుకోబోయి బతికి బయటపడ్డారు. 1875లో ఓల్గాను వివాహమాడారు.

1882లో ఇటలీలోని మెస్సీనాలో ఉండగా ఒకనాడు ఇంటివారందరూ సర్కస్‌కు వెళ్ళారు. ఈయన ఒక్కరే సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నారు. సముద్ర నక్షత్రం పిల్ల శరీరం గాజులా ఉంటుంది, లోపల తిరుగాడే కణాలు కనిపిస్తాయి. బయటి వస్తువు గుచ్చుకుంటే ఇవి దానిని చుట్టుముడతాయేమోనని తోచింది. తోటలోంచి గులాబీ ముళ్ళు తెచ్చి గుచ్చారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి చూస్తే కణాలు ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి! అవే భక్షక కణాలు. జర్మనీ పండితులు చాలాకాలం ఒప్పుకోలేదు. 1888లో పాశ్చర్ గారు పారిస్‌లోని తమ సంస్థలో చోటిచ్చారు. 1908లో నోబెల్ బహుమతి వచ్చింది, అదీ ఎదుటి పక్షానికి చెందిన పాల్ ఎర్లిష్‌తో కలిపి.

పెద్దపేగులో కుళ్ళు పుట్టించే బాక్టీరియా విషాలే ముసలితనం తెస్తాయని ఆయన నమ్మారు. బల్గేరియా రైతులు పెరుగు వల్లనే దీర్ఘాయుష్కులని తలచి, తామూ రోజూ పులిసిన పాలు తాగేవారు. పెద్దపేగే అనవసరమన్నంత దూరం వెళ్ళారు. అక్కడ పొరబడ్డారని నా అభిప్రాయం. పేగులోని బాక్టీరియా చాలావరకు మనకు హితులే. మనం తిన్న పీచునుంచి పేగు గోడకు ఆహారం తయారుచేస్తాయి. గోడమీది జిగురు పొర వాటిని దూరంగా ఉంచుతుంది. ఈ జబ్బులో ఆ పొర పలచబడి, బాక్టీరియా గోడను తాకుతాయి. భక్షక కణాలు వాటిని శత్రువులనుకొని తోటి కణాలను పిలుస్తాయి. ఆ వాపు చల్లారదు, పుండ్లు పడతాయి.

చుట్టాల మాట విని మేము రెండు వారాలు మందులు మాన్పించి పెరుగన్నంతో సరిపెట్టాము. రక్తం పోవడం ఎక్కువైంది. మళ్ళీ డాక్టరుగారి దగ్గరకే పరుగెత్తాము. ఇప్పుడు మందులూ వాడుతున్నాడు, పెరుగూ తింటున్నాడు.

మెచ్నికాఫ్ 1916 జూలైలో గుండెజబ్బుతో పారిస్‌లో పరమపదించారు. ఆయన చితాభస్మాన్ని పాశ్చర్ సంస్థ గ్రంథాలయంలోనే ఉంచారు. అప్పటికి ఆయన వయసు 71. నాకు 75 నడుస్తున్నది.