ఒక్క ఓటుతో కూలిన మంత్రివర్గం: ప్రకాశం పంతులు జీవితం నుంచి కూలీలకు ఒక పాఠం

ఎక్కడైనా మంత్రివర్గం ఊగిసలాడుతోందన్న వార్త వస్తే చాలు, మన సంఘం సమావేశాల్లో ఒక ప్రశ్న లేస్తుంది. ప్రతిపక్షాలన్నీ జట్టు కట్టి దాన్ని దించేస్తే కూలోడికి ఏం ఒరుగుతుందని. ఆమధ్య కోనసీమలో ఊడ్పుల వేళ, గట్టు మీద అన్నాలు తింటూ ఉండగా ఒక పెద్దాయన మమ్మల్ని ఇదే అడిగాడు. ఎప్పుడో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయిందని వాళ్ళ నాన్న చెప్పేవాడట. ఎవరు పడగొట్టారు, ఎందుకు పడగొట్టారు, పడ్డాక ఎవరు బాగుపడ్డారు అన్నది ఆయన ప్రశ్న. గట్టు మీద రెండు ముక్కల్లో చెప్పి లేచాం గానీ అది రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. అందుకే ఆ మనిషి కథ మొదటి నుంచీ ఇక్కడ చెప్పుకుందాం.

టంగుటూరి ప్రకాశం 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టాడు. పదకొండేళ్ళకే తండ్రి పోయాడు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. కులం బ్రాహ్మణ కులమే అయినా, పొయ్యిలో పిల్లి లేవని రోజులు ఆ ఇంటికీ తెలుసు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు ఆ కుర్రాణ్ణి చేరదీసి, తనతో పాటు రాజమండ్రి తీసుకొచ్చాడు. చదువు, నాటకాల పిచ్చి, ఆపైన ప్లీడరు వృత్తి, అన్నీ మన గోదావరి ఒడ్డునే. ముప్పై ఏళ్ళ ప్రాయంలోనే రాజమండ్రి మునిసిపాలిటీకి ఛైర్మన్ అయ్యాడు. కుర్చీ అంటే ఏమిటో, దాని చుట్టూ కట్టే జట్లు ఏమిటో ఆయన మొదట చూసింది ఇక్కడే.

1904లో ఇంగ్లండు వెళ్ళి, బారిస్టరై 1907లో తిరిగొచ్చాడు. మద్రాసులో లక్షలు గడించాడు. 1921లో గాంధీ పిలుపు విని ఆ ప్రాక్టీసు వదిలేశాడు. స్వరాజ్య పత్రిక పెట్టి, గడించిందంతా దాంట్లో పోశాడు. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్ బహిష్కరణ రోజున మద్రాసులో పోలీసులు కాల్పులు జరిపితే, తుపాకులకు ఎదురుగా రొమ్ము చూపి ముందుకు నడిచాడు. ఆంధ్రకేసరి అన్న పేరు ఆ ధైర్యానికి వచ్చిందే. 1930 నుంచి 1945 దాకా పలుమార్లు జైలుకు వెళ్ళొచ్చాడు. ఈ సంగతులు బడిపిల్లల పుస్తకాల్లో ఉంటాయి. మనకు కావలసింది ఆ తర్వాతి కథ.

1937లో రాజాజీ మంత్రివర్గంలో ప్రకాశం రెవెన్యూ మంత్రి. జమీందారీ విచారణ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. జమీందారీల్లో రైతులు చెప్పుకున్న గోడు విని 1938లో నివేదిక ఇచ్చాడు. భూమి మీద హక్కు రైతుదే, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే అని ఆ నివేదిక తేల్చింది. శిస్తులను 1802 శాశ్వత పైసలా నాటి మట్టానికి దించాలంది. పిఠాపురం లాంటి సంస్థానాలున్న మన ప్రాంతంలో ఇది చిన్న మాట కాదు. కానీ ఒక మాట మనం మరవకూడదు. ఆ విచారణ జమీందారుకూ రైతుకూ మధ్య తగువు గురించి. ఆ రైతు పొలంలో నాటేవాళ్ళు, కోసేవాళ్ళు, ఏడాది జీతానికి కుదిరిన పాలేర్లు దాని పరిధిలోకే రాలేదు. 1939లో మంత్రివర్గం రాజీనామా చేసింది. నివేదిక అటకెక్కింది. జమీందారీల రద్దు చట్టం రావడానికి 1948 దాకా ఆగాల్సి వచ్చింది.

1946 ఏప్రిల్ ఆఖరున ప్రకాశం మద్రాసు రాష్ట్రానికి ప్రధాని అయ్యాడు. అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు. పదకొండు నెలలు కూడా నిలవలేదు. 1947 మార్చిలో సొంత కాంగ్రెస్ సభ్యులే ఆయన్ని దించేశారు. దిగే ముందు ఆయన చేసిన ఒక పని మనం దాచిపెట్టం. 1947 జనవరిలో ప్రజాభద్రత పేరుతో ఆర్డినెన్సు తెచ్చి, కమ్యూనిస్టులను, కార్మిక నాయకులను, రైతు కార్యకర్తలను విచారణ లేకుండా జైళ్ళలో వేయించాడు. తుపాకికి రొమ్ము చూపిన మనిషే, తన చేతికి అధికారం వచ్చాక పేదల సంఘాల మీదికి పోలీసుల్ని పంపాడు. మనిషి మంచివాడే కావచ్చు. కుర్చీ ఎవరి మీద ఆనుకుని నిలబడిందో అదే చివరికి ఆ మనిషిని నడిపిస్తుంది.

1951లో ప్రకాశం కాంగ్రెస్ వదిలి ప్రజా పార్టీ పెట్టాడు. అది కృపలానీ నడిపిన కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో కలిసింది. 1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభకు 375 స్థానాలు. కాంగ్రెస్‌కు 152 వచ్చాయి, అంటే సగానికి చాలా తక్కువ. కమ్యూనిస్టులు 62, ప్రకాశం పార్టీ 35 గెలిచారు. ముఖ్యమంత్రి కుమారస్వామిరాజా ఓడిపోయాడు. బెజవాడ గోపాలరెడ్డి, కల్లూరి చంద్రమౌళి, మన కోనసీమ నాయకుడు కళా వెంకటరావు కూడా ఓడిపోయారు. ఆంధ్ర జిల్లాల్లో కాంగ్రెస్, కమ్యూనిస్టులు దాదాపు సమానంగా నిలిచారు.

అప్పుడు ప్రతిపక్షాలు ఒక జట్టు కట్టాయి. ఐక్య ప్రజాస్వామ్య సంఘటన అని దానికి పేరు. నాయకుడెవరో తెలుసా? ప్రకాశమే. ఐదేళ్ళ క్రితం తమను జైల్లో పెట్టించిన మనిషిని కమ్యూనిస్టులు నాయకుడిగా ఒప్పుకున్నారు. ఆంధ్ర రాష్ట్రం కావాలన్న దగ్గర ఇద్దరూ ఒకటే. కాంగ్రెస్‌ను ప్రజలు వద్దన్నారు కాబట్టి ఆ తీర్పు నిలబెట్టాలన్న దగ్గరా ఒకటే. 166 మంది తమ వెంట ఉన్నారని ఆ సంఘటన గవర్నరుకు చెప్పింది. అది కూడా సగం కాదు, నిజమే. కానీ కాంగ్రెస్ కంటే పెద్ద గుంపు.

గవర్నరు శ్రీప్రకాశ పిలిచింది మాత్రం రాజాజీని. ఆయన ఆ ఎన్నికల్లో పోటీయే చేయలేదు. శాసనమండలికి నామినేట్ చేసి మరీ 1952 ఏప్రిల్ 10న ముఖ్యమంత్రిని చేశారు. కుర్చీ చేతికి వచ్చాక బలం దానంతట అదే వచ్చింది. చిన్న పార్టీల వాళ్ళు, స్వతంత్రులు ఒక్కొక్కరే అటు జరిగారు. తమిళ ప్రాంతపు కామన్‌వీల్ పార్టీ నాయకుడికి మంత్రి పదవే దొరికింది. జూలైలో విశ్వాస పరీక్ష నాటికి రాజాజీ వెనుక 200 ఓట్లు. ప్రతిపక్షాల జట్టుకు పరీక్ష రాకముందే బీటలు వారాయి.

ఇందులో గవర్నరు చేసిన అన్యాయం ఒక్కటే చూస్తే సగమే చూసినట్టు. ఆ జట్టు ఎక్కడ కుదిరింది? మద్రాసులో కుదిరింది. ఊళ్ళలో కాదు. పేటల్లో ఓటు వేసిన కూలీకి ఆ జట్టు సంగతి పేపరు చదివినవాళ్ళు చెబితేనే తెలిసింది. మెంబర్లు జారిపోతుంటే ఆపడానికి కింద జనం లేరు.

ఆ ఏడాదే పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష చేసి డిసెంబరు 15న ప్రాణాలిచ్చాడు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. దానికి కొద్ది వారాల ముందే, ఆగస్టులో, గోదావరి వరద మన డెల్టాను ముంచేసి పోయింది. కొత్త రాష్ట్రానికి ముఖ్యమంత్రి ఎవరు? మళ్ళీ ప్రకాశమే. కానీ ఈసారి ఎటువైపు నుంచి? కాంగ్రెస్ వైపు నుంచి. సభలో 140 మంది, అందులో కమ్యూనిస్టులు దాదాపు 40 మంది. కాంగ్రెస్‌కు సొంతంగా సగం లేదు. అందుకని పాత శత్రువునే పిలిచి పీట వేసింది. నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి అయ్యాడు. నిన్నటి దాకా ప్రతిపక్షాల జట్టుకు నాయకుడైన మనిషి, ఇప్పుడు బలం లేని ప్రభుత్వానికి నాయకుడు. ఆయన పాత సహచరులు కొందరు ఎదుటి బెంచీల్లో మిగిలారు.

ఎనభై దాటిన వయసులో ఆయన చేసిన పనులు కొన్ని ఉన్నాయి. 1952లో తెగిన కృష్ణ పాత ఆనకట్ట స్థానంలో బెజవాడ దగ్గర కొత్త బ్యారేజీ పని 1954లో మొదలైంది. ఇవాళ దానికి ఆయన పేరే. తిరుపతిలో విశ్వవిద్యాలయం, గుంటూరులో హైకోర్టు కూడా అప్పటివే. నీళ్ళ విలువ తెలిసిన మనిషి. అది మన డెల్టా వాళ్ళం కాదనలేం.

అయితే ప్రభుత్వాన్ని ముంచింది నీళ్ళు కాదు, కల్లు. మద్యనిషేధం వల్ల గీత కార్మికులు కూటికి లేక అల్లాడుతున్నారు. మోకు వేసుకుని చెట్టెక్కితే కేసు, ఎక్కకపోతే పస్తు. గోదావరి జిల్లాల్లో తాటితోపులు, ఈతవనాలు నమ్ముకుని బతికే వేల కుటుంబాలకు ఇది ప్రాణం మీదికొచ్చిన విషయం. ప్రభుత్వమే వేసిన రామమూర్తి కమిటీ నిషేధం తీసేయమంది. ప్రభుత్వం తీసేయలేదు. కృషికార్ లోక్ పార్టీ నాయకుడు గౌతు లచ్చన్న గీత కార్మికుల తరఫున కదిలాడు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం మీద కృషికార్ లోక్ పార్టీ, ప్రజా సోషలిస్టులు, కమ్యూనిస్టులు ఒక్కటై ఓటు వేశారు. ఒక్కటంటే ఒక్క ఓటు తేడాతో ప్రకాశం మంత్రివర్గం పడిపోయింది.

మరి మర్నాడు? గట్టు మీద పెద్దాయన అడిగింది ఇదే కదా. పడగొట్టడానికి కలిసిన వాళ్ళు నిలబెట్టడానికి కలవలేదు. ప్రత్యామ్నాయ మంత్రివర్గం ఏర్పడలేదు. రాష్ట్రపతి పాలన వచ్చింది, సభ రద్దయింది. 1955 ఎన్నికలకు నాలుగు నెలలు కూడా లేవు. ఆ లోపలే కృషికార్ లోక్ పార్టీ కాంగ్రెస్‌తో చేతులు కలిపింది. ప్రకాశం ప్రజా పార్టీ కూడా అందులోనే చేరింది. పడగొట్టినవాళ్ళూ, పడినవాళ్ళూ ఒకే గొడుగు కిందికి వచ్చి కమ్యూనిస్టుల మీదికి నడిచారు. 196 స్థానాల్లో ఆ ఐక్య కాంగ్రెస్ సంఘటనకు 146. కమ్యూనిస్టులకు 15. చిత్రమేమిటంటే కమ్యూనిస్టులకు ఓట్లు తగ్గలేదు, పెరిగాయి. నూటికి 31 మంది వాళ్ళకే వేశారు. ఎదుటి పక్షాలన్నీ ఒక్కటయ్యేసరికి ఓట్లున్నా సీట్లు పోయాయి. భూమి అడిగేవాడు గెలుస్తాడనుకున్న రోజున, భూమి ఉన్నవాళ్ళు తమ తగువులన్నీ పక్కన పెట్టేశారు.

గీత కార్మికుడి సంగతి చూడండి. ఏ చెట్టు పేరు చెప్పి మంత్రివర్గాన్ని దించారో ఆ చెట్టు మీద నిషేధం ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు సాగింది. ముఖ్యమంత్రి పీట మీదికి ప్రకాశం బదులు గోపాలరెడ్డి వచ్చాడు. చెట్టు కింద మనిషి చెట్టు కిందే ఉన్నాడు.

అలాగని ఆ రోజు ఓటు వేయడమే తప్పని మేము అనడం లేదు. కూలీల గోడు పట్టించుకోని ప్రభుత్వాన్ని దించే హక్కు ఉంది, దించాల్సిన రోజులూ ఉంటాయి. 1952లో ప్రకాశాన్ని నాయకుడిగా ఒప్పుకోవడమూ తప్పు కాదు. లోపం వేరే చోట ఉంది. ఎవర్ని దించాలో ఒప్పందం కుదిరింది గానీ, దించిన మర్నాడు ఏం చేయాలో కుదరలేదు. కల్లు చెట్టు గురించి, బంజరు గురించి, కౌలు గురించి, కూలి రేటు గురించి కాగితం మీద రాసుకుని, ఊరూరా చదివి వినిపించి ఉంటే, మర్నాడు అటు దూకబోయిన వాణ్ణి చావిడి దగ్గర నిలదీసి అడిగే వాళ్ళుండేవారు. అడిగేవాడు లేని చోట పొత్తు పదవులవాళ్ళ సొంత వ్యవహారం అయిపోతుంది.

ఇక ప్రకాశం పంతులు. మూడుసార్లు కుర్చీ ఆయన్ని మోసం చేసింది. 1947లో సొంతవాళ్ళు లాగేశారు, 1952లో గవర్నరు అందనివ్వలేదు, 1954లో ఒక్క ఓటు పడేసింది. లక్షలు గడించిన మనిషి చివరికి చేతిలో చిల్లిగవ్వ లేకుండా మిగిలాడు. 1957 వేసవిలో, ఎనభై నాలుగేళ్ళ వయసులో, ఒంగోలు ప్రాంతంలో హరిజనవాడలు తిరుగుతూ వడదెబ్బ తిన్నాడు. హైదరాబాదు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మే 20న కన్నుమూశాడు. పదవులన్నీ పోయాక, ఏ కుర్చీ కోసమూ కాకుండా ఆ ముసలాయన ఎండలో నడిచింది మన పేటల్లోనే. ఆ నడక పాతికేళ్ళ ముందు మొదలుపెట్టి ఉంటే, 1938 నివేదికలో రైతుతో పాటు కూలీ కూడా ఉండేవాడేమోనని మాకు అనిపిస్తుంది. తర్వాత ఒంగోలు జిల్లాకు ఆయన పేరు పెట్టారు.

కాబట్టి పెద్దాయనకు మా జవాబు ఇది. మంత్రివర్గం పడిందనగానే సంబరపడకు, దిగులు పడకు. కలిసిన వాళ్ళ దగ్గరికి వెళ్ళి, మా కూలి సంగతి, మా ఇంటిస్థలం సంగతి మీ ఒప్పందంలో ఎన్నో మాటగా రాశారో చూపించమని అడుగు. చూపించలేకపోతే, వాళ్ళు జట్టు కట్టింది కుర్చీతో గానీ నీతో కాదు. ఈ ప్రశ్న ఒక్కడివి అడిగితే నవ్వుతారు. పేటంతా సంఘమై అడిగితే రాసిస్తారు. సార్వా కోతలకు ముందే ప్రతి ఊళ్ళోనూ ఆ సంఘం నిలబడాలి.