బడిపంతులు కథకుడు మధురాంతకం రాజారాం

కథలు రాయాలంటే పట్నంలో ఉండాలి, పెద్ద ఉద్యోగం ఉండాలి, మన బతుకుల్లో కథ రాయడానికి ఏముంది అని మనలో చాలామంది అనుకుంటూ ఉంటాం. ఆ మాట తప్పని నిరూపించిన మహా కథకుడు మన ప్రాంతంలోనే పుట్టి, ఇక్కడి పల్లెల్లోనే బతికి, ఇక్కడి మనుషుల గురించే రాశారు. ఆయనే మధురాంతకం రాజారాం గారు.

రాజారాం గారు 1930 అక్టోబరు 5న అప్పటి చిత్తూరు జిల్లా మొగరాల గ్రామంలో పుట్టారు. తల్లి ఆదిలక్ష్మమ్మ, తండ్రి విజయరంగం పిళ్లై. ఆయన ఎన్నుకున్న వృత్తి బడిపంతులు ఉద్యోగం. పాకాల దగ్గరి దామలచెరువు పేరు ఆయన పేరుతో కలిసిపోయింది. తిరుపతి, చిత్తూరు వాసులకు ఆ ఊరు మామిడికాయల మండీలతో తెలుసు. తెలుగు కథలు చదివేవాళ్లకు మాత్రం అది రాజారాం గారి ఊరు.

ఆ రోజుల్లో పల్లెటూరి పంతులు గారంటే పాఠాలు చెప్పే మనిషి మాత్రమే కాదు. ఉత్తరం వస్తే చదివి చెప్పాలి, అర్జీ రాసి పెట్టాలి, తగాదా వస్తే నాలుగు మంచి మాటలు చెప్పాలి. పిల్లవాడు బడికి రాకపోతే ఇంట్లో ఏదో కష్టం ఉందని ఆయనకు ముందుగా తెలుస్తుంది. వానలు లేక చెనిక్కాయల పంట పోయిన ఏడాది, ఆ సంగతి హాజరు పట్టీలోనే కనిపిస్తుంది. కథకుడికి ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? రాజారాం గారి కథల్లోని సన్నకారు రైతులు, చిరుద్యోగులు, బడిపంతుళ్లు ఇలాంటి లోకంలోంచి నడిచి వచ్చినవాళ్లే.

దాదాపు యాభై ఏళ్ల కాలంలో ఆయన మూడు వందలకు పైగా కథలు రాశారు. లెక్క వేసి చూడండి. ఏడాదికి ఆరు కథలు, అంటే రెండు నెలలకు ఒకటి. వినడానికి పెద్ద సంఖ్య కాదు. కానీ ఉద్యోగం చేసుకుంటూ, సంసారం ఈదుకుంటూ, యాభై ఏళ్ల పాటు ఆ వరుస తప్పకుండా నిలబెట్టడం ఎంత కష్టమో ఆలోచించండి. అప్పట్లో కంప్యూటర్లు లేవు, సెల్‌ఫోన్లు లేవు. చేత్తో రాయాలి, బాగా లేకపోతే మళ్లీ తిరగరాయాలి, పోస్టులో పత్రికకు పంపాలి, జవాబు కోసం ఎదురుచూడాలి. ఆవేశం వచ్చినప్పుడు ఒకటి రాసి ఊరుకునేవాడు కథకుడు కాలేడని ఆయన జీవితం చెబుతుంది.

ఆయన కథ చెప్పే పద్ధతి కూడా మనం గమనించాలి. కథలో పెద్ద పెద్ద సంఘటనలు అక్కరలేదు. మామూలుగా కనిపించే ఒక చిన్న సంగతి పట్టుకుని, దాని వెనక ఉన్న మనిషి మనసును నిదానంగా మన ముందు పెడతారు. తప్పు చేసిన మనిషిని కూడా అసహ్యించుకోరు, ఆ తప్పు వెనక ఉన్న అవసరమేమిటో చూస్తారు. భాష తేటగా ఉంటుంది, అక్కడక్కడా నవ్విస్తుంది. ఉపదేశం ఇచ్చినట్టు ఉండదు గానీ, కథ చదివాక మనసులో ఏదో మారినట్టు ఉంటుంది. ‘హాలికులు కుశలమా’ అనే కథ పేరు చూడండి. రైతులారా, క్షేమమేనా అని అడగడమే అది. మన సీమలో ఆ ప్రశ్నకు జవాబు ఏమిటో రైతు బిడ్డలందరికీ తెలుసు.

‘తాను వెలిగించిన దీపాలు’ కథా సంపుటికి రాష్ట్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. 1993లో ‘మధురాంతకం రాజారాం కథలు’ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ‘చిన్న ప్రపంచం - సిరివాడ’ అనే నవల కూడా రాశారు. తమిళం నుంచి తెలుగులోకి అనువాదాలు చేశారు. 1999 ఏప్రిల్ 1న ఆయన కన్నుమూశారు. ఆయన కుమారులు నరేంద్ర గారు, మహేంద్ర గారు ఇద్దరూ కథకులే. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఆచార్యులుగా పనిచేసిన నరేంద్ర గారికి ‘మనోధర్మపరాగం’ నవలకు 2022లో అదే కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పంతులు గారు వెలిగించిన దీపం ఇంట్లోనూ ఆరిపోలేదు.

ఇక మన సంగతి. ఎంత దయ ఉన్న రచయిత అయినా ఒక చోట నిలబడి లోకాన్ని చూస్తాడు. రాజారాం గారు పంతులు గారి బల్ల దగ్గర నిలబడి చూశారు. ఆ బల్లకు ఇవతల, నేల మీద కూర్చున్న పిల్లవాడికి ఏం కనిపించిందో ఆ పిల్లవాడే రాయాలి. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని మొదటిసారి హాస్టల్‌కు వచ్చిన రోజు, కంచం పట్టుకుని వరుసలో నిలబడడం, పండక్కి ఊరికి పోవడానికి బస్సు చార్జీ లేక హాస్టల్లోనే ఉండిపోవడం, కూలికి పోయే అమ్మ కొంగు ముడి విప్పి ఇచ్చిన పది రూపాయలు, ఇవన్నీ మన దగ్గర ఉన్న కథలు. వీటిని ఇంకొకరు వచ్చి రాసి పెట్టరు. రాసినా మనకు తెలిసినంత వాళ్లకు తెలియదు. మన మాట, మన యాస, మన ఊరి పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడినంత కాలం ఈ కథలు పెట్టెల్లోనే ఉండిపోతాయి.

కాబట్టి తమ్ముళ్లారా, రాజారాం గారి కథల పుస్తకం గ్రంథాలయంలో వెతికి ఒక కథ చదవండి. ఎక్కడ మొదలుపెట్టారు, ఎక్కడ ఆపారు, ఏ మాట చెప్పకుండా వదిలేశారు అని చూడండి. తర్వాత ఒక తెల్ల కాగితం తీసుకుని మీకు బాగా తెలిసిన ఒక్క మనిషి గురించి రాయండి. బాగా రాకపోతే మళ్లీ రాయండి. రెండు నెలలకు ఒకటి చాలు. వచ్చే వార్షికోత్సవ సంచికకు మీ దగ్గర ఆరు కథలు ఉంటాయి.